ఆడేవాళ్లను లెక్కపెట్టాకే పెట్టె

సరిహద్దు కబుర్లు

నలుగురు కూర్చుని ముక్కలు పంచుకుంటున్నారంటే మనవైపు చూసేవాళ్లకు ముందు గుర్తొచ్చేది పోలీసు జీపు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. నేను చెప్పబోయే కార్డులాటల్లో పందెం లేదు. ఒక పెట్టె కొంటే ఆట మొదలవుతుంది. తర్వాత అదే ఆటకు కొత్త పెట్టెలు వస్తుంటాయి, కావాలంటే పాతవాటిలో కలుపుకోవచ్చు. ఎండాకాలం సెలవులకు పిల్లలకు ఇలాంటిదొకటి తెప్పిద్దామని ఫోను తెరిస్తే ఒకే పేరు మీద బోలెడు పెట్టెలు వరసకడతాయి. వాటిలో ఏది ముందు?

పెట్టెల సంగతి తర్వాత, ముందు ఇంట్లోవాళ్లను చూసుకోండి అంటాను. ఆడేది ఎవరు, ఎంతమంది? హైదరాబాదులో ఆటల కేఫ్‌కి వెళ్తే ఎదుటివాడు తన కార్డుల కట్ట తనే తెచ్చుకుంటాడు. మన అశ్వారావుపేట లాంటి ఊళ్లో ఎదుటివాడి కట్ట కూడా మనమే కొనాలి. సగం ఎంపిక ఇక్కడే తేలిపోతుంది.

1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’తో సీలు వేసిన ప్యాకెట్ల పద్ధతి ఊపందుకుంది. లోపల ఏ కార్డులున్నాయో చింపేదాకా తెలియదు. చుట్టుపక్కల పదిమంది ఆడేవాళ్లుంటే అదొక సరదా, వాళ్లలో వాళ్లు మార్చుకుంటారు. ఎవరూ లేనిచోట అది కొట్టు ముందు వేలాడే లాటరీ అట్టే. బడి దగ్గర కొట్లలో అమ్మే పోకెమాన్ ప్యాకెట్లూ అంతే. పోకెమాన్ సరిగ్గా ఆడాలంటే ఒక్కొక్కరికి 60 కార్డుల కట్ట కావాలి. అందులో బేసిక్ ఎనర్జీ కార్డులు తగినన్ని ఉండాలి, మిగిలినవాటిలో ఒకే పేరున్నవి నాలుగుకు మించకూడదు. పది కార్డుల ప్యాకెట్లు ఎన్ని చింపితే ఆ కట్ట కుదురుతుంది? పైగా ఆ కొట్లలో దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ కట్టలు అసలువే కావు. మన పిల్లలు వాటితో ఆడేది కూడా ఒకప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల ఆటే: ఎవరి అంకె పెద్దదైతే వాళ్లది గెలుపు. అందులో తప్పేం లేదు. కానీ ఆ ఆటకి అంత డబ్బు పోయడం దండగ. పిల్లాడు పోకెమానే కావాలని మొండికేస్తే ‘బ్యాటిల్ అకాడమీ’ అనే పెట్టె ఉంది. 60 కార్డుల కట్టలు మూడు, ఆడుకునే బోర్డు అందులోనే వస్తాయి. ఇద్దరు కూర్చుని వెంటనే మొదలుపెట్టొచ్చు.

ఇక ఇంటిల్లిపాదికీ అయితే 2008లో వచ్చిన ‘డొమినియన్’ మంచిది. దీంట్లో ఎవరి కట్ట వాళ్లు ఆడుతూనే తయారుచేసుకుంటారు కాబట్టి ఒక్క పెట్టె నలుగురిదాకా సరిపోతుంది. 2016 నాటి రెండో కూర్పులో 26 రకాల రాజ్యం కార్డులుంటే ఆటకు పది ఎంచుకోవాలి. అలా ఎంచుకునే తీరులు 53 లక్షల పైచిలుకు. ఈ లెక్క చూశాక కూడా మొదటి రోజే రెండో పెట్టె ఎందుకో నాకు అర్థం కాదు. ఒక మెలిక మాత్రం ఉంది. దీని అనుబంధం ‘ఇంట్రీగ్’ మొదటి కూర్పును విడిగా ఆడుకోవచ్చు. కొత్త కూర్పులో డబ్బుల కార్డులు లేవు, అసలు పెట్టె ఉంటేనే అది పనికొస్తుంది. బొమ్మ బాగుందనో ధర తగ్గిందనో అనుబంధాన్ని తెప్పించుకుంటే అట్టపెట్టె చూస్తూ కూర్చోవాలి.

ఇలాంటి మెలికే ఉన్న ఇంకో కార్డులాట ‘ఆర్ఖమ్ హారర్’. 2016లో వచ్చిన మొదటి పెట్టెతో ఇద్దరే ఆడగలరు. నలుగురు ఆడాలంటే అదే పెట్టె మళ్లీ కొనాలి. 2021లో సవరించి ఒక్కదాన్నే నలుగురికి సరిపడేలా చేశారు. పాత పెట్టె చవగ్గా కనబడితే కారణం ఇదేమో చూసుకోండి. దెయ్యాల కథ కాబట్టి చిన్నపిల్లల ఇళ్లకి నేను చెప్పను కూడా.

మన ఊరికి నా ఓటు ‘మార్వెల్ ఛాంపియన్స్’కి. 2019 నాటి మూల పెట్టెలో స్పైడర్‌మ్యాన్, ఐరన్‌మ్యాన్, కెప్టెన్ మార్వెల్, షీ-హల్క్, బ్లాక్ పాంథర్ అని ఐదుగురు వీరులు, ముగ్గురు విలన్లు ఉంటారు. ఒకరి నుంచి నలుగురిదాకా ఒకే జట్టుగా విలన్ మీద పడతారు. తెలుగు డబ్బింగులో ఈ సినిమాలు చూసిన పిల్లలకు వీరుల పరిచయం అక్కర్లేదు. ఒకరిమీద ఒకరు కాక కలిసి ఆడటం వల్ల ఇంకో మేలుంది: కార్డుల మీది ఇంగ్లిషు పెద్దగా రానివాళ్లకు అక్కో అన్నో చదివి చెప్పొచ్చు, కార్డు బయటపడితే ఓడిపోతామన్న భయం ఉండదు. పామాయిల్ తోటలో గెలలు కోయించి సాయంత్రం ఇల్లు చేరిన నాన్నను కూడా కూర్చోబెట్టొచ్చు. ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం పిల్లాడు ఒక్కడే ఆడుకోనూవచ్చు. ఆట కొనేటప్పుడు ఒక్కరే ఆడుకోగలిగే ఈ వీలును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తోటి ఆటగాళ్లు దొరకని ఊళ్లో పెట్టె అటకెక్కకుండా కాపాడేది అదే.

రెండో పెట్టె ఎప్పుడంటారా? ముగ్గురు విలన్లూ పాతబడ్డారని ఇంట్లోవాళ్లే అన్నప్పుడు విలన్ల ప్యాక్, నా వీరుడు నాకు కావాలని గొడవ మొదలైనప్పుడు వీరుడి ప్యాక్. ఆ రెండూ జరగకపోతే ఏమీ వద్దు. ఆట ఆగిపోతుందేమో, ముందే అన్నీ కొనేద్దామనే తొందర కొందరిది. ‘ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్’ అనే ఇలాంటి కార్డులాట అచ్చు 2018లో ఆగిపోయింది. కొనుక్కున్నవాళ్ల కార్డులైతే ఇంకా ఆడుకోవడానికి పనికొస్తూనే ఉన్నాయి.

మిగిలిన డబ్బుతో ప్లాస్టిక్ తొడుగులు తెప్పించండి. అడవి అంచున ఉన్న మనకు వానాకాలం చెమ్మ ఎక్కువ, కార్డులు వంకర తిరుగుతాయి. మార్వెల్, పోకెమాన్ కార్డులది దాదాపు 63×88 మిల్లీమీటర్ల కొలత. డొమినియన్‌వి కాస్త సన్నంగా, పొడుగ్గా 59×91 ఉంటాయి. కొలత చూడకుండా ఆర్డరు పెడితే తొడుగులు తిరిగి పంపాల్సివస్తుంది.

— సరిహద్దువాసి, అశ్వారావుపేట