నేర్పని రాత, అడిగే ప్రాజెక్టు

డిగ్రీ మొదటి ఏడాదిలో విద్యార్థికి ముందుగా పట్టుబడాల్సిన విద్య ఒకటుంది: ప్రశ్న వేసుకోవడం, దానికి ఆధారాలు వెతకడం, తేలిన సంగతిని సొంత మాటల్లో నాలుగు పేజీలు రాయడం. విశ్లేషణాత్మక రచన అంటే ఇంతే. కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కళాశాలల్లో ఈ విద్యకు ప్రత్యేకంగా పేపర్ లేదు. ఇంగ్లిష్‌లో పాఠాలు, వ్యాకరణం, లేఖారచన ఉన్నాయి. తెలుగులో ప్రాచీన పద్యం, ఆధునిక కవిత, కథ ఉన్నాయి. ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ (సీబీసీఎస్) వచ్చాక పర్యావరణ అధ్యయనానికీ, బేసిక్ కంప్యూటర్ స్కిల్స్‌కూ చోటు దొరికింది. ఆధారంతో వాదించి రాయడానికి మాత్రం దొరకలేదు. చివరి ఏడాదికి వచ్చేసరికి అదే విద్యార్థిని ప్రాజెక్టు రాసుకు రమ్మంటారు. నేర్పనిదాన్ని పరీక్షించి మార్కులు వేయడం విద్య అనిపించుకోదు.

ఫలితం అందరికీ తెలిసిందే. మూడేళ్లూ గైడు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు, పరీక్షకు ముందు రాత్రి బట్టీ. ఆరో సెమిస్టర్‌లో జిరాక్స్ సెంటర్, స్పైరల్ బైండింగ్. అట్ట మీద కొత్త పేరు, లోపల పాత ప్రాజెక్టు. సర్టిఫికెట్ పేజీ, కృతజ్ఞతల పేజీ పోగా మిగిలే అధ్యాయాల్లో ‘పరిశోధన పద్ధతి’ అన్నది నిరుడు ఎలా ఉందో ఈ ఏడూ అలాగే ఉంటుంది. ఊరి పేరు ఒక్కటి మారుతుంది. ఒక్కోసారి అదీ మారదు. వైవాలో అడిగేవారికీ చెప్పేవారికీ సంగతి తెలుసు కాబట్టి అది పది నిమిషాల్లో ముగుస్తుంది. కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థి అధ్యయన ప్రాజెక్టుల పోటీ నడుపుతోంది, మంచిదే. కానీ పోటీ కొద్దిమందిని ఎంపిక చేస్తుంది, తరగతిలో కూర్చున్న అందరికీ నేర్పదు.

ఈ లోటు మీద జరగాల్సిన చర్చ జరగడం లేదు. జరుగుతున్న చర్చ రెండు శిబిరాలది. ఇంగ్లిష్ మీడియం, స్కిల్ కోర్సులు ఉంటే ఉద్యోగాలు వస్తాయని ఒక శిబిరం. తెలుగు మాధ్యమం పోవడమే అనర్థాలన్నిటికీ మూలమని రెండోది. విద్యార్థి ఏ భాషలోనైనా సరే, ఒక వాదాన్ని ఆధారంతో నిలబెట్టగలడా అన్న ప్రశ్న రెండు శిబిరాలకూ పట్టదు. గైడులోని జవాబును ఇంగ్లిష్‌లో బట్టీ పట్టినవాడికీ తెలుగులో బట్టీ పట్టినవాడికీ తేడా లిపి ఒక్కటే.

పరిశోధన, విశ్లేషణ అనగానే అవి పీహెచ్‌డీ వారి సొత్తనీ, జిల్లా కళాశాల పిల్లలకు మించిన పనులనీ కొట్టిపారేసేవారు ఒక అంకెను తప్పకుండా చూడాలి. ఆ అంకె 354. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో చోటు చేసుకున్న కవుల సంఖ్య అది. తెలంగాణ ఆత్మగౌరవం గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ఆ సంచిక పేరు వినిపిస్తుంది. అది ఒక పద్ధతి అనీ, ఆ పద్ధతిని తరగతి గదిలో నేర్పవచ్చనీ మాత్రం ఎవరూ అనరు.

ఆ పద్ధతిని విడదీసి చూస్తే మొదటి మెట్టు ఎదుటివారి వాదాన్ని కచ్చితంగా పట్టుకోవడం. ‘కవులు లేరు’ అన్నది వాదం. తర్కం ప్రకారం ఒక్క కవిని చూపితే అది కూలిపోవాలి. అయితే ఆ మాట వెనుక ఇంకో మాట ఉంది: ఈ ప్రాంతంలో తెలుగు సాహిత్య సంస్కారమే లేదని. దాన్ని ఒక్క కవితో, పది మందితో తిప్పికొట్టలేరు. ఆ వాదం బరువుకు తగిన ఆధారం కావాలి. అందుకే 354. ఎంత వాదానికి ఎంత ఆధారం అన్న లెక్క విశ్లేషణాత్మక రచనలో మొదటి పాఠం. ఆ పాఠం లేకనే ఒక్క ఉదాహరణతో ఊరంతటి మీదా తీర్పు చెప్పే వ్యాసాలు పుట్టుకొస్తున్నాయి.

రెండో మెట్టు సేకరణ. సురవరం సంపాదకత్వంలో 1926లో మొదలైన గోలకొండ పత్రిక అప్పటికే పాఠకుల చేతుల్లో ఉంది. దాని ద్వారానే ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. మూడో మెట్టు అమరిక. ఎవరు, ఏ ఊరు, ఏం రాశారు అన్న వివరాలతో, చదివినవారు సరిచూసుకునే వీలుతో అచ్చు వేశారు. ఆక్షేపించినవారిని తిడుతూ సంపాదకీయం రాసి ఊరుకుని ఉంటే ఆ తిట్టు ఆ వారంతోనే పాతబడేది. 354 మంది పేర్లు తొంభై ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాయి.

ఆనాటి పరిస్థితినీ గుర్తు పెట్టుకోవాలి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగుకు రాజపోషణ లేదు. ఆ 354 వెనుక రీసెర్చ్ ఫెలోషిప్ లేదు, ఇంటర్నెట్ లేదు. ఉన్నవి ఒక పత్రిక, పోస్టు, పట్టుదల. ఈనాడు వరంగల్‌లో 1976 నుంచీ విశ్వవిద్యాలయం ఉంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల కేంద్రాల్లోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. ప్రతి విద్యార్థి జేబులో కెమెరా ఉన్న ఫోన్ ఉంది. ఏమీ లేనప్పుడు జరిగిన పని అన్నీ ఉన్నప్పుడు ఎందుకు జరగదన్నదే ప్రశ్న.

ఆ సంచికలో పోగు ఎక్కువ, తూకం తక్కువ అనే విమర్శకు తావుంది. 354 మందీ ఒకే స్థాయి కవులు కారు. నిజమే. కానీ మొదటి ఏడాది విద్యార్థి ముందుగా నేర్వాల్సింది పోగు చేయడమే. తూచడానికి గాదెలో గింజలు ఉండాలి కదా.

మొదటి ఏడాది రచనా కోర్సు ఎలా నడవాలో చెప్పడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్‌ను తీసుకుంటే చాలు. రైతుకు గిట్టుబాటు ధర రావడం లేదని ప్రతి విద్యార్థీ రాస్తాడు. అది నినాదం. దాన్ని ప్రశ్నగా మార్చడం మొదటి వారం పని: ఫలానా నెలలో, ఈ యార్డులో, మక్కలకు పలికిన ధర మద్దతు ధర కంటే ఎంత తక్కువ? 2024-25లో కేంద్రం ప్రకటించిన మక్కల మద్దతు ధర క్వింటాకు 2,225 రూపాయలు. ఇక కావలసింది తక్‌పట్టీలు, అంటే యార్డులో ఇచ్చే అమ్మకం చీటీలు. పంట అమ్మిన రైతు ఇంట్లో తక్‌పట్టీ ఉంటుంది. దాని మీద తేదీ, తూకం, ధర ఉంటాయి. హమాలీకి ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత, చివరికి చేతికి ఎంత అన్నదీ ఉంటుంది. అది ప్రాథమిక ఆధారం. ఏ గైడులోనూ దొరకదు.

ఒక విద్యార్థి సొంత ఊళ్లో ఇరవై తక్‌పట్టీలు ఫొటో తీసి పట్టిక వేస్తే అసలు చిక్కులు అప్పుడు బయటపడతాయి. ధర తక్కువ పడిన సరుకులో తేమ ఎక్కువ ఉందా? తక్‌పట్టీ దాచుకున్న రైతులే లెక్కలోకి వచ్చారా? ఊళ్లోనే దళారికి అమ్ముకున్నవారి సంగతేమిటి? ఇరవై కాగితాలతో జిల్లా మొత్తం గురించి మాట్లాడవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు రాస్తే నాలుగు పేజీలు నిండుతాయి. ‘రైతే రాజు’ అని మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు. మొదటి ప్రతి మీద అధ్యాపకుడు ‘ఈ మాటకు ఆధారం ఏది?’ అని నాలుగు చోట్ల రాసి వెనక్కి ఇవ్వాలి. రెండో ప్రతికే మార్కులు. తిరగరాయడం లేని రచనా కోర్సు చేతిరాత కోర్సుతో సమానం.

భూపాలపల్లి విద్యార్థికి ఇంకా బరువైన విషయమే ఇంటి ముందుంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. అప్పటి నుంచీ దాని మీద మాట్లాడని నాయకుడు లేడు. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ అదే ఏడాది నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ లోపాలన్నీ కలిసి ఈ స్థితికి తెచ్చాయంది. నివేదికలో ఉన్నది ఒక నిలువు వరసలో, ఒక పార్టీ చెప్పింది రెండో వరసలో, ఇంకో పార్టీ చెప్పింది మూడో వరసలో రాసి, ఎవరు ఏ లోపాన్ని వదిలేసి మాట్లాడారో తేల్చడం మొదటి ఏడాది విద్యార్థి చేయగల పనే. పౌరుడిగా చేయాల్సిన పని కూడా. జనగామ విద్యార్థికి పోతన ఊరు బమ్మెరా, ఒంటిమిట్టా అన్న పాత వివాదం ఉంది. మహబూబాబాద్ విద్యార్థికి బయ్యారం చెరువు కట్ట దగ్గర గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన శాసనం ఉంది. కాకతీయుల వంశక్రమానికి అది ముఖ్య ఆధారం. ఆధారాలకు ఈ నేల మీద కరువు లేదు. వాటిని చదివించే పీరియడ్‌కే కరువు.

అభ్యంతరాలు ఉన్నాయి. పాఠం చదవడమే సరిగా రాని పిల్లలకు విశ్లేషణ ఏమిటన్నది మొదటిది. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వయసువారిలో సుమారు నాలుగో వంతు మంది రెండో తరగతి పాఠాన్ని సొంత భాషలో ధారాళంగా చదవలేకపోతున్నారని ‘అసర్’ విద్యా సర్వే 2023 నివేదిక చెప్పిన మాట నిజమే. ఆ మాట కోర్సును వాయిదా వేయడానికి కారణం కాదు, త్వరపెట్టడానికి కారణం. తక్‌పట్టీ చదవడంతోనే చదువు మొదలుపెట్టవచ్చు. అధ్యాపకులు చాలరన్నది రెండో అభ్యంతరం. గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న శాఖల్లో వంద ప్రతులు రెండేసి సార్లు దిద్దడం కష్టమే. అది నియామకాలు చేయాల్సిన ప్రభుత్వం తప్పు, పిల్లల తప్పు కాదు. భాష ఏది అన్నది మూడోది. ఆలోచన ఏ భాషలో సాగితే ఆ భాషలోనే రాయనివ్వాలి. 354 మంది కవులను తెలుగులోనే లెక్కపెట్టారు; అందువల్ల ఆ లెక్క విలువ ఏమీ తగ్గలేదు.

బయటి ప్రపంచం ఈ సంగతిని ఎప్పుడో గ్రహించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1885లోనే రచనా కోర్సును మొదటి ఏడాది వారికి తప్పనిసరి చేసింది. తర్వాత అమెరికా కళాశాలల్లో అది మామూలు విషయమైపోయింది. అక్కడ డిగ్రీలో చేరే తెలుగువారి పిల్లలు కూడా ఎక్కువగా ఈ కోర్సు దాటే వెళ్తారు. వారి బంధువుల పిల్లలకు తొర్రూరులో, పరకాలలో దక్కేది గైడు.

ఇక్కడి విధాన నిర్ణేతలకు శిక్ష మీద ఉన్న శ్రద్ధ శిక్షణ మీద లేదు. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథాల్లో పది శాతం దాటిన పోలికకు అంచెలంచెలుగా చర్యలు రాసిపెట్టింది. ఎత్తిరాయడం తప్పని పీహెచ్‌డీ నాడు చెప్పేవారు, ఇతరుల మాటను వారి పేరుతో ఎలా ఉటంకించాలో డిగ్రీ మొదటి ఏడాదిలో ఎందుకు చెప్పరు? ఇప్పుడు గైడు పని, జిరాక్స్ సెంటర్ పని రెండూ ఫోన్‌లోని కృత్రిమ మేధ ఒక్క నిమిషంలో చేసిపెడుతోంది. దాన్ని నిషేధించాలని సెమినార్లు పెడుతున్నారు. బట్టీ జవాబునే అడిగే ప్రశ్నపత్రం ఉన్నంత కాలం ఏ నిషేధమూ పనిచేయదు. రైతు ఇంటి తక్‌పట్టీని ఏ యంత్రమూ వెళ్లి అడిగి తేలేదు.

చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. తెలుగు, ఇంగ్లిష్ పేపర్లలో చెరో యూనిట్ తగ్గించి, మొదటి ఏడాదిలోనే ఒక రచనా పేపర్ పెట్టాలి. దానికి చివరి పరీక్ష ఉండకూడదు. రెండు ప్రతుల వ్యాసం, ఆధారాల ఫైలు, వైవా చాలు. దిద్దే అధ్యాపకుడికి ఆ పనిని వర్క్‌లోడ్‌లో లెక్క కట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఒకటి సరిపోతుంది. ఆ పని చేయడం ఇష్టం లేకపోతే చివరి ఏడాది ప్రాజెక్టును రద్దు చేయాలి. నేర్పని విద్యకు మార్కులు వేసి, ఎత్తిరాసినదానికి సంతకం పెట్టి, పట్టా చేతిలో పెట్టి పంపడం విద్యార్థిని విశ్వవిద్యాలయమే మోసం చేయడం అవుతుంది.