పైన పటారం... లోన?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ఉండుంటే ‘పాత స్పోర్ట్స్ కారు కొని చూడు’ అని మూడోది కూడా కలిపేవారేమో!

‘ఒకే ఓనరు... పదేళ్లలో తిరిగింది 18 వేల కిలోమీటర్లే... షోరూం కండిషన్’. ఇలాంటి ప్రకటన చూస్తే ఇంట్లో కుర్రాడికి ఆ రాత్రి నిద్రపట్టదు. కొత్తప్పుడు 60 లక్షలున్న బండి 15 లక్షలకే వస్తుందంటే తండ్రి మనసు కూడా కాస్త మెత్తబడుతుంది. తప్పేం లేదు. కానీ బేరానికి కూర్చునే ముందు ఒక్కమాట గుర్తుంచుకోవాలి. ధర తగ్గింది కారుకే, దాని విడిభాగాలకు కాదు. క్లచ్ పోయినా, బ్రేకు డిస్కులు అరిగినా, గేరుబాక్సు మొరాయించినా మీ జేబులోంచి పోయేది 60 లక్షల కారు స్థాయి ఖర్చే. అందుకే ‘ఎంతకిస్తారు’ అన్న ప్రశ్న చివర్లో అడగాలి. ‘ఎలా వాడారు, ఏమేం మార్చారు’ అన్నవి ముందు అడగాలి.

తక్కువ తిరిగితే మంచిదేనా?

చాలామంది మీటరు చూసి మురిసిపోతారు. మామూలు కారు విషయంలో అది కొంతవరకు నిజమే. స్పోర్ట్స్ కారు సంగతి వేరు. వీటిలో చాలావరకు ఆదివారాలు తప్ప బయటికి రావు. నిలబెట్టిన బండి కూడా ముసలిదవుతుంది. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, టైర్లు గట్టిపడతాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. పైన గాడులు నిండుగా కనిపిస్తున్నా సరే, అంత పాత టైర్లతో అంత వేగంగా వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే.

మీటరు వెనక్కి తిప్పే ఘనులు కూడా ఉంటారు. పాత సర్వీసు బిల్లుల మీద రీడింగు రాసి ఉంటుంది. వాటిని తేదీల వరసలో పేర్చి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. డ్రైవరు సీటు అంచు, స్టీరింగు, పెడళ్ల మీది రబ్బరు బాగా అరిగిపోయి మీటరు మాత్రం 18 వేలు చూపిస్తుంటే అనుమానించాల్సిందే. బిల్లుల్లేని 15 వేల కిలోమీటర్ల బండి కంటే, ఏటా సర్వీసు చేయించి కాగితాలు దాచిన 50 వేల కిలోమీటర్ల బండే మేలు.

దేని జబ్బు దానిదే

ప్రతి మోడల్‌కీ ఒక బలహీనత ఉంటుంది. చూడబోయే ముందు అదేమిటో తెలుసుకోండి. పోర్షా బాక్‌స్టర్, 911 కార్లనే తీసుకోండి. 1990ల చివరి నుంచి 2000ల మధ్య వరకు వచ్చిన వాటిలో కొన్నింట, ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టుకున్న బేరింగు ఒకటి చెడిపోయేది. అది చూడ్డానికి చిన్నదే. విరిగిందంటే మాత్రం ఇంజిన్ మొత్తం పోయినట్టే. ఆ గొడవ అమెరికాలో కోర్టుకెక్కి, 2013లో పరిష్కారం కుదిరింది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త తరం ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు. కాబట్టి పాత బాక్‌స్టర్ కొనేవారు రంగు కంటే ముందు ‘ఆ బేరింగు మార్చారా? బిల్లుందా?’ అని అడగాలి.

దీనికి భిన్నమైన ఉదాహరణ మాజ్డా ఎంఎక్స్-5. 1989లో వచ్చింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. తేలికైన బండి, సాదాసీదా ఇంజిన్. మన్నికకు మంచి పేరుంది. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు సరదాగా పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకుంటే అక్కడ సులువుగా దొరికేవాటిలో ఇదొకటి. దీని శత్రువు తుప్పు. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండి అడుగుభాగాన్ని తినేస్తుంది. పైన మెరుస్తున్నా సరే, లిఫ్టు మీదికెక్కించి కింద చూడందే బేరం ఆడొద్దని పిల్లలకు చెప్పండి.

చల్లగా ఉన్నప్పుడే...

కారు చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే ‘ముందుగా స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ మీకు తెలియకూడదని ఎవరో ముందే స్టార్ట్ చేసి ఉండొచ్చు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తుంటే కూలెంట్ లోపలికి కారుతూ ఉండొచ్చు. పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ పనైపోయినట్టే.

తర్వాత స్కానరు పెట్టించండి. లోపాల కోడ్‌లు చెరిపేసి అమ్మేవాళ్లుంటారు. అలా చెరిపితే బండి తన స్వీయపరీక్షలను మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. ‘పరీక్షలు పూర్తికాలేదు’ అని స్కానరు చూపిస్తే కారణం అడగండి. ‘నిన్ననే బ్యాటరీ మార్చాం’ అంటే బిల్లు చూపించమనండి.

మనదేశంలో మరో పరీక్ష కూడా ఉంది... స్పీడ్ బ్రేకర్! నేలకు ఇంత దగ్గరగా ఉండే బండి పొట్ట మన రోడ్ల మీద గీసుకోకుండా ఉండదు. ఆయిల్ సంపు సొట్టపడిందేమో, కింద ఎక్కడైనా వెల్డింగు చేశారేమో చూడాలి.

నీళ్లు తాగిందా?

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ... ఆ వరదల్లో మునిగిన కార్లు ఎన్నో. సెల్లార్లలో నిలిపిన బండ్లయితే చెప్పనక్కర్లేదు. బీమా కంపెనీలు వేలం వేసిన ఇలాంటి బండ్లు టింకరింగ్, పెయింటింగ్ చేయించుకుని మళ్లీ మార్కెట్లోకి వస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బురద మరక అక్కడ దాక్కుంటుంది. కార్పెట్ కింద మట్టి, సీటు పట్టాల మీద తుప్పు, ముక్క వాసన ఉంటే వెనక్కి వచ్చేయండి. తడిసిన వైర్లు ఎప్పుడు దెబ్బతీస్తాయో ఎవరూ చెప్పలేరు.

కాగితాల సంగతి

ఆర్సీ మీద ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఫైనాన్స్ ఉంటే తీర్చేసినట్టు ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ తీసుకోండి. వేరే రాష్ట్రం బండయితే అక్కడి ఎన్‌వోసీతోపాటు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో లెక్కేసుకోండి. చవగ్గా వచ్చిందనుకున్న బండి అక్కడే ప్రియమైపోవచ్చు. బీమా కంపెనీ నుంచి పాత క్లెయిముల వివరాలు తెప్పించమని అమ్మేవారినే అడగండి.

చివరగా, ఆ మోడల్ బాగా తెలిసిన మెకానిక్‌కు డబ్బులిచ్చి పూర్తిగా పరీక్ష చేయించండి. మీ దగ్గరున్నదంతా కొనడానికే పెట్టకండి. 15 లక్షలుంటే 12 లక్షల బండి చూసి, మిగిలిన మూడు లక్షలు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టుకోండి. ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, పరీక్షలకు టైం లేదు, ఇవాళే అడ్వాన్సు ఇచ్చేయండి’ అంటారా? ఆ బండి ఆ ఇద్దరికే వదిలేయండి.