ఇంతెఖాల్ అంటే ‘ఇంత కాలం’ కాదు

మా ఆపా కూతురు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మొన్న దాని కాలేజీలో హ్యాకథాన్ పెట్టారు. 36 గంటలు, నలుగురేసి పిల్లలు ఒక జట్టు, ఏఐతో సమాజానికి పనికొచ్చేది ఏదో ఒకటి చేసి చూపించాలి. “మామూ, సోషల్ గుడ్ అంటే ఉర్దూలో ఏమంటారు?” అని ఫోన్ చేసింది. ఖిద్మత్-ఎ-ఖల్క్ అన్నాను. “అయితే ఎవరి ఖిద్మత్ చెయ్యాలి?” అంది.

ఈ సవాల్ అడిగినందుకే నాకు ముచ్చటేసింది. ఎందుకంటే ఇలాంటి పోటీల్లో చాలామంది పిల్లలు మొదట యాప్ అనుకుంటారు, తర్వాత దానికి సరిపోయే గరీబుల్ని వెతుక్కుంటారు. వీళ్లూ అంతే అనుకోండి. చేనేతవాళ్లకి ఏఐతో కొత్త డిజైన్లు గీసి ఇవ్వాలని అప్పటికే నిర్ణయించేసుకున్నారు. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక్కసారి మగ్గం ముందు కూర్చోండి అని పోటీకి ముందు ఆదివారం బండారులంక తీసుకెళ్లాను. అమలాపురం పక్కనే ఉన్న ఊరు, చీరలకు పేరున్న ఊరు. మా ససురాల్ వైపు వాళ్లు అక్కడ ఉన్నారు.

గుంట మగ్గం మీద ఉన్న పెద్దాయన పిల్లలు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. “ఆయ్, డిజైన్లకేం కరువండీ బాబూ. నేను వారం కూర్చుని నేసిన చీర ఫొటో తీసి పవర్‌లూమ్ మీద ఒక్కరోజులో దించేత్తన్నారు. మీరింకా గీసిత్తే వాళ్లకే సుఖం” అన్నారు. పిల్లల మొహాలు మాడిపోయాయి. పక్కన ఆయన భార్య కండెలు చుడుతోంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. నేనే అడిగాను, అమ్మా నీ పేరు ఏ లిస్టులోనైనా నేతపనిలో ఉందా అని. నవ్వింది. పడుగు తోడడంలో, కండెలు చుట్టడంలో సగం మెహనత్ ఆడవాళ్లదే. కాగితం మీద నేతగాడు మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడే. 2019 డిసెంబర్‌లో మొదలైన నేతన్న నేస్తం సంగతి గుర్తుందా? ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు, కానీ సొంత మగ్గం ఉన్నవాళ్లకే. పక్కింటి మగ్గం మీద కూలికి నేసేవాడు అందులో లేడు. ఇలాంటి లోటు ఏ కంప్యూటరూ పట్టుకోదు. దానికి ఇచ్చిన పట్టికలోనే ఆ గడి లేదు కదా.

అక్కణ్నుంచి మా బేగం వాళ్ల ఖాలా ఇంటికి వెళ్లాం. అసలు కథ అక్కడే జరిగింది.

పిల్లలు దార్లోనే ఆలోచన మార్చుకున్నారు. చదువురాని పెద్దవాళ్లు ఫోన్‌తో మాట్లాడితే చాలు, సచివాలయంలో ఇవ్వాల్సిన అర్జీ తెలుగులో తయారై రావాలి. మంచి ఖయాల్. ఖాలా వితంతు పెన్షన్‌కి పెట్టుకోవాలి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో అది నెలకు 4,000. ఆమె వయసులో, ఆమె హాలత్‌లో అది చిన్న రఖమ్ కాదు. ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టారు. ఖాలా మనందరిలాగే మాట్లాడుతుంది, తెలుగులో ఉర్దూ, ఉర్దూలో తెలుగు. “మా ఆయన ఇంతెఖాల్ అయిపోయారు బాబూ, రెండేళ్లయింది” అంది.

తెర మీద పడింది: “మా ఆయన ఇంత కాలం అయిపోయారు బాబు రెండేళ్లయింది.”

పిల్లలు పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాతి మెట్టులో నవ్వు ఆగిపోయింది. విన్నది రాసే మిషన్ ఒకటి, రాసినదాన్ని సాఫుగా అర్జీలోకి మార్చే మిషన్ ఇంకోటి. ఆ రెండోది ఈ తప్పు వాక్యాన్ని తీసుకుని, తన అక్ల్ అంతా వాడి, చక్కటి తెలుగులో ఇలా రాసింది: “నా భర్త రెండు సంవత్సరాల కాలంగా నాకు దూరంగా ఉంటున్నారు.” ఒక్క అక్షర దోషం లేదు. బేవా కాస్తా మొగుడు వదిలేసిన ఆడది అయిపోయింది. సచివాలయంలో ఆ కాగితం చదివినవాళ్లు డెత్ సర్టిఫికెట్ చూసి షక్ పడరా? “ఈమె అబద్ధం చెబుతోంది” అనుకోరా?

ఇందులో మిషన్‌కి మన మీద దుష్మనీ ఏమీ లేదు. మాటలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తాను నేర్చుకున్న గొంతుల్లో, రాతల్లో ఎక్కువసార్లు కనిపించిన మాట వైపే మొగ్గుతుంది. తెలుగు రాతల్లో ‘ఇంత కాలం’ లక్షసార్లు ఉంటుంది, ‘ఇంతెఖాల్’ ఎక్కడుంటుంది? తెలుగు పత్రికలు రాయవు, టీవీలు పలకవు. నేను ఇరవై ఏళ్లుగా పత్రికల్లో ఉన్నాను, నా వార్తల్లోనే ఒక్కసారీ రాయలేదు. ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, డెస్క్‌లో కూర్చోగానే ‘కన్నుమూశారు’ అని దిద్దేసేవాణ్ని. అంటే మిషన్ తప్పులో నాకూ హిస్సా ఉంది.

ఇది నవ్వి వదిలేసే మసలా కాదని ఎందుకంటున్నానో వినండి. తెలంగాణలో ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థను నడిపింది. వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లను కంప్యూటర్ జతచేసి, ఎవరికి ఏం ఆస్తి ఉందో తేలుస్తుంది. 2024 జనవరిలో అల్ జజీరా దాని మీద పరిశోధన కథనం ఇచ్చింది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక ముస్లిం పెద్దాయనకు కారుందని ఆ వ్యవస్థ తేల్చింది, ఆ ఇంటికి రేషన్ లేకుండా పోయింది. కారు ఉన్నది దగ్గరి పేరున్న వేరే మనిషికి. సయ్యద్, అలీ అనే పేర్లు మనలో ఎంతమందికి ఉంటాయో మీకు చెప్పాలా? మన కోస్తాలో మస్తాన్‌లు, మస్తాన్ వలీలు వీధికి నలుగురు. ఒకే మనిషి ఆధార్‌లో షేక్, రేషన్ కార్డులో షేఖ్, బ్యాంకులో ఎస్.కె. మీ ఇంట్లో కార్డులన్నీ తీసి ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

అక్కడ 2016 నుంచి రద్దయిన కార్డులు 19 లక్షల దాకా ఉన్నాయి. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇల్లిల్లూ తిరిగి మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. వాళ్ల నోటి దగ్గర ముద్దకు జవాబ్ ఎవరిస్తారు? నెదర్లాండ్స్‌లో ఇలాగే పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాల మీద, అందులోనూ వలస వచ్చినవాళ్ల మీద, మోసగాళ్లన్న ముద్ర పడింది. అక్కడ ఆ వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మనకి అంత భాగ్యం లేదు, ఆ సంగతి వదిలేద్దాం.

హ్యాకథాన్ రాత్రి రెండు గంటలకు భాంజీ మళ్లీ ఫోన్ చేసింది. ఆడపిల్లని రాత్రంతా కాలేజీలో ఉంచినందుకు మా ఆపా అప్పటికే నాతో మాట్లాడ్డం లేదు. అది వేరే కథ. “మామూ, రేపు జడ్జీల ముందు ఖాలా రికార్డింగ్ పెట్టమంటావా? పెడితే మా యాప్ తప్పు బయటపడుతుంది. మాటలు సరిగ్గా వచ్చే వేరే రికార్డింగ్ ఉంది” అంది. నిజం చెబుతున్నాను, పెట్టకు అన్నాను. ఇనామ్ పోతుందని. పిల్ల రెండు నిమిషాలు ఊరుకుని, “ఖాలా గొంతు నా దగ్గర అమానత్ కదా మామూ” అని ఫోన్ పెట్టేసింది. ఖాలా రికార్డింగే పెట్టింది. ఇనామ్ రాలేదు. ఇది ఎంతమందికి పనికొస్తుంది, ఎంత వేగంగా పెంచగలరు అని అడిగారట. తప్పు రాస్తే ఎవరు దిద్దుతారు అని ఒక్కరూ అడగలేదట.

వాళ్లు ఒక ఇలాజ్ కూడా చేశారు. రాసింది ఫోన్ తిరిగి చదివి వినిపించి “మీరు చెప్పింది ఇదేనా?” అని అడుగుతుంది. తర్వాత వారం ఖాలా దగ్గర పెట్టి చూశాం. ఫోన్ ఏమడిగినా ఖాలా “ఆఁ, ఆఁ” అంటోంది! అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం ఎలాగ అంది. కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. అర్జీతో పాటు ఆమె గొంతు కూడా జతచేయాలి, షక్ వస్తే వినడానికి.

ఇదంతా చూసి కొందరు మనవాళ్లు, ఈ ఏఐ గోలే వద్దు, మన పిల్లలు మన పని చూసుకోవాలి అంటున్నారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. దూరంగా ఉంటే మిషన్ మనల్ని వదిలేయదు, మనం లేకుండానే మన గురించి రాస్తుంది. రెండేళ్ల కిందటి సంగతి చూడండి. స్వేచ్ఛ సంస్థ, ఓజోన్‌టెల్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కలిసి వేలమంది ఇంజినీరింగ్ విద్యార్థులతో పాత తెలుగు కథల పుస్తకాలను కంప్యూటర్‌లోకి దిద్ది ఎక్కించారు. వాటితో చందమామ కథలు అనే తెలుగు మోడల్ తయారైంది. అందరూ కూర్చుని కాసింత మెహనత్ చేస్తే భాష మిషన్‌లోకి వెళుతుందనడానికి అది గవాహీ. అయితే ఆ పుస్తకాల్లో మా ఖాలా భాష ఉంటుందా? ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది, సంతోషం. కానీ ఖాలా మాట్లాడేది ఆ ఉర్దూ కాదు, పాఠ్యపుస్తకం తెలుగూ కాదు. కేంద్రం నడిపే భాషిణిలో చాలా భాషలున్నాయి. ఏ రెండింటి మధ్యనో బతికే ఈ జబాన్‌కి అక్కడ విడిగా గడి లేదు.

నా షరతులు నాకున్నాయి. గొంతు ఇవ్వొచ్చు, మొహం, చిరునామా, ఆధార్ నంబర్ ఇవ్వకూడదు. రికార్డింగ్ ఎక్కడికి పోతుందో ఖాలాకి ఆమె జబాన్‌లోనే చెప్పి ఇజాజత్ తీసుకోవాలి. పోటీ అయ్యాక కూడా పిల్లలు ఆ ఊరికి కనీసం రెండుసార్లు వెళ్లాలి. ఇంకోటి, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది చెయ్యాలి. 2022 మే 24 తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేసిన సంగతి మనకి యాద్ ఉంది కదా.

ఖాలా అర్జీ చివరికి నేనే తెల్లకాగితం మీద పెన్నుతో రాసి ఇచ్చాను. ‘మరణించారు’ అనే రాశాను, ఆఫీసుకి ఇంతెఖాల్ అంటే తెలియదు కాబట్టి. రసీదు ఖాలా తన పాన్‌దాన్‌లో దాచుకుంది.

భాంజీ ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టింది. మనవాళ్లు తెలుగులో కలిపి మాట్లాడే మాటలు ఒక్కొక్కటి రాసి, పక్కన పెద్దవాళ్ల చేత పలికించి రికార్డు చేస్తోంది. బేవా, ఇద్దత్, తలాఖ్, ఖులా, మైయత్, వారిస్. అర్జీల్లో తప్పు పడితే కొంప మునిగే మాటలు ముందు. రెండు వందలు దాటాయి. మీ నానీ, దాదీ మాటల్లో ఇలాంటివి ఏమున్నాయో ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంటికెళ్లి అడిగి రాసి పెట్టండి, పలికినట్టే రాయండి, దిద్దకండి.