గురువును మార్చమనే ముందు



తెలుగు పండితుడు క్రికెట్టు గురించి రాయబూనడమేమిటని కొందరికి అనిపించవచ్చును. నిజమే. పద్యంలో యతి తప్పితే పట్టుకోగలను గానీ బంతి ఎటు తిరుగుతుందో చెప్పగల ప్రజ్ఞ నాకు లేదు. అయితే ఇక్కడ నేను విచారించదలచినది ఆటను కాదు, ఆట నేర్పేవానిని. జట్టు ఓడిపోతున్నప్పుడు శిక్షకుణ్ణి తక్షణమే తొలగించవలెనా అన్నది ప్రశ్న. మూడు దశాబ్దాలకు పైగా బడిపంతులుగా బ్రతికినవాణ్ణి గనుక ఈ ప్రశ్న విషయంలో నాకు కొంత అనుభవమూ, తీర్చని ఒక పాత అప్పూ ఉన్నాయి. అప్పు సంగతి చివర మనవి చేస్తాను.

2025 అక్టోబరు నెలలో మన విశాఖలో, మధురవాడ స్టేడియంలో, మహిళల ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. 9వ తేదీన మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాతో ఆడారు. 102 పరుగులకే ఆరు వికెట్లు పడిపోగా ఎనిమిదో స్థానంలో వచ్చిన రిచా ఘోష్ 94 పరుగులు చేసి జట్టును 251కి చేర్చింది. అవతలి జట్టు కూడా 81కి ఐదు వికెట్లు పోగొట్టుకున్నది. ఇక గెలిచినట్లే అనుకుంటూ ఉండగా నడీన్ డి క్లెర్క్ అనే అమ్మాయి 54 బంతుల్లో 84 పరుగులు చేసి ఆట లాగేసుకున్నది. 12వ తేదీన ఆస్ట్రేలియాతో ఆట. ఆనాడే మిథాలీ రాజ్ పేరును ఒక స్టాండుకూ, మన తెలుగమ్మాయి రావి కల్పన పేరును ఒక ద్వారానికీ పెట్టారు. మనవాళ్ళు 330 పరుగులు చేశారు. అది కూడా చాలలేదు. హీలీ 142 పరుగులు చేయగా ఆస్ట్రేలియా ఒక ఓవరు మిగిలి ఉండగానే గెలిచింది. ఆపై 19న ఇందోరులో ఇంగ్లండు చేతిలో నాలుగంటే నాలుగే పరుగుల తేడాతో మూడో ఓటమి.

మాది సాగరతీరాన ఒక బెంచీ బృందం. పొద్దుటి నడక అయ్యాక రామకృష్ణా బీచి దగ్గర కూర్చుంటాము. ఒకాయన పోర్టులోనూ, మరొకాయన ఉక్కు కర్మాగారంలోనూ పనిచేసి విరమించినవారు. ఇందోరు ఓటమి మర్నాడు పోర్టాయన కూర్చుంటూనే అందుకున్నారు.

"ఏటండీ మాస్టారూ, ఈ కోచ్‌ని ఇంకా ఉంచుతారేటి? దేశం తరఫున ఒక్క ఆటైనా ఆడనోడు ఆళ్ళకేటి నేర్పుతాడు?"

నేను తల ఊపాను. తల ఊపడానికి ఖర్చేముంది?

ఉక్కాయన మాత్రం ఊపలేదు. ఆయన ఉద్యోగమంతా బ్లాస్ట్ ఫర్నేసు దగ్గరే గడిచింది. మన ఉక్కు కర్మాగారంలో కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటైన పేర్లున్నాయి. ఆయన అన్నదేమంటే: "ఇప్పుడు కింద నుంచి కారుతున్న ఇనుము ఇప్పుడు పైన పోసిన సరుకుది కాదండీ. కొన్ని గంటల కిందట పోసిన ఖనిజమూ కోకూ కరిగి కిందికి దిగితేనే ఇది. ఇనుము బాగోలేదని ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాణ్ణి తిడితే, ముందు షిఫ్టువాడు నవ్వుకుంటాడు."

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఎందుకో చివర తెలుస్తుంది.

ముందుగా ఆ కోచ్ ఎవరో చూద్దాము. అమోల్ మజుందార్. బొంబాయి బడిపిల్లవాడిగా ఉన్నప్పుడు, 1988లో, టెండూల్కరూ కాంబ్లీ 664 పరుగుల భాగస్వామ్యం చేస్తుంటే, తర్వాత దిగవలసినవాడై ప్యాడ్లు కట్టుకుని ఎదురుచూసిన కుర్రవాడు ఇతడే. దేశవాళీ తొలి ఆటలోనే 260 పరుగులు చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో 11 వేలకు పైగా పరుగులు, 30 శతకాలు. క్రీడాజీవితపు చివరి దశలో మన ఆంధ్ర జట్టుకు కూడా ఆడాడు. ఇంతా చేసి భారత జట్టు టోపీ ఒక్కనాడు పెట్టుకోలేదు. ఇది లోపమని మా మిత్రుడి వాదం. నా ఉద్దేశంలో ఎదురుచూడడం తెలిసినవానికి ఎదురుచూసే పిల్లల మనసు కూడా తెలుస్తుంది. చదివించడం వేరు, చదవడం వేరు. మహాపండితులు తరగతి గదిలో నీళ్ళు నమలడం నేను చూశాను.

అతడు 2023 అక్టోబరులో ఈ పదవికి వచ్చాడు. అంతకు ముందు 2018 నుంచీ ఆ కుర్చీలో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. తుషార్ ఆరోఠే, రమేష్ పవార్, డబ్ల్యు.వి. రామన్, మళ్ళీ పవార్. ఒక్కొక్క ఓటమికి, ఒక్కొక్క తగాదాకు ఒక్కొక్క మార్పు. అన్ని మార్పులకూ కప్పు మాత్రం రాలేదు. 2024 అక్టోబరులో టీ20 ప్రపంచ కప్పులో జట్టు తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది. అయినా ఈసారి కోచ్‌ను మార్చలేదు.

తర్వాత జరిగినది అందరికీ తెలిసినదే. విశాఖలో రెండు ఓటములకూ కారణంగా విమర్శకులు చూపినది ఆరో బౌలరు లేకపోవడం. ఆ విమర్శ న్యాయమైనది. కోచ్ దానిని చెవిన పెట్టాడు. ఇందోరులో జెమీమాను పక్కన పెట్టి ఒక బౌలరును అదనంగా దింపారు. బౌలింగు బలపడింది గానీ బ్యాటింగు నాలుగు పరుగులు తక్కువైంది. ఆ మందు కూడా పూర్తిగా పనిచేయలేదని గ్రహించి, తర్వాతి ఆటలో జెమీమాను వెనక్కి పిలిచి మూడో స్థానంలో దింపారు. న్యూజిలాండు మీద 76 నాటౌట్. 30న సెమీ ఫైనలులో అదే ఆస్ట్రేలియా మీద 127 నాటౌట్. పద్దెనిమిది రోజుల కిందట మన విశాఖలో మన మీద నెలకొల్పిన ఛేదన రికార్డును 341 పరుగులు చేసి మనవాళ్ళే చెరిపివేశారు. నవంబరు 2న కప్పు మనది. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఆ పోటీలలో 14 వికెట్లు తీసింది. విశాఖలో ఓడిన రోజున కూడా 41 పరుగులకు మూడు వికెట్లు తీసినది ఆమెయే.

ఇక్కడ ఆగి "చూశారా, నా మాటే నెగ్గింది" అంటే అది తర్కం కాదు. కాకతాళీయ న్యాయమని మనకొకటి ఉన్నది. కాకి వాలింది, తాటిపండు రాలింది. వాలినందువల్లనే రాలిందా? ఫైనలులో శతకం చేసి నిలిచిన వోల్వార్ట్ కొట్టిన బంతి అమన్‌జోత్ చేతుల్లో తడబడి, ఎగిరి, చివరకు చిక్కింది. ఒకవేళ జారిపోయి ఉంటే? కప్పు రాకపోతే మజుందార్ చెడ్డ గురువు అయిపోయేవాడా? కాకూడదు గదా. కనుక కప్పును బట్టి తీర్పు చెప్పడం కూడా ఓటమిని బట్టి తీర్పు చెప్పడం వంటిదే.

ఎదుటి పక్షపు ఉదాహరణ కూడా చెప్పడం ధర్మం. 2007లో గ్రెగ్ చాపెల్ కోచ్‌గా ఉండగా మన జట్టు వెస్టిండీసులో బంగ్లాదేశ్ చేతిలోనూ శ్రీలంక చేతిలోనూ ఓడి తొలి దశలోనే వెనుదిరిగింది. ఊరూరా దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. ఏప్రిల్‌లో చాపెల్ తప్పుకున్నాడు. సెప్టెంబరులో ధోనీ జట్టు టీ20 ప్రపంచ కప్పు గెలిచింది. గురువు పోయాడు, కప్పు వచ్చింది! ఇదీ కాకతాళీయమేనా? కొంత అవును, కొంత కాదు. చాపెల్ కాలంలో విజయాలు లేకపోలేదు. వరుసగా 17 వన్డేలలో లక్ష్యాన్ని ఛేదించిన రికార్డు ఆనాటిదే. లేనిది నమ్మకం. గంగూలీ గురించి అతడు బోర్డుకు రాసిన లేఖ 2005లో పత్రికలకెక్కింది. పెద్ద పెద్ద ఆటగాళ్ళే అతని ఎదుట మనసు విప్పలేకపోయారని తర్వాత వారే చెప్పుకున్నారు. అతడు పోవలసి వచ్చినది ఓడినందుకు కాదు, శిష్యులు తన ముందు నోరు మూసుకునే స్థితి తెచ్చుకున్నందుకు.

కాబట్టి నా దృష్టిలో అడగవలసిన ప్రశ్నలు రెండే. చేసిన తప్పే మళ్ళీ చేస్తున్నాడా, లేక దిద్దుకుంటున్నాడా? శిష్యులు అతని ఎదుట "తెలియలేదు" అని చెప్పగలుగుతున్నారా, లేదా? ఈ రెంటికీ జవాబు బాగున్నంతకాలం ఓటములను ఓర్చుకోవలెను. జవాబు చెడినప్పుడు, గెలుస్తున్నా సరే, మార్పు గురించి ఆలోచించవలెను.

ఇదే కొలతతో పురుషుల జట్టు కోచ్ గౌతం గంభీర్ సంగతి చూస్తే అంత సులువుగా తేలదు. 2025లోనే ఛాంపియన్స్ ట్రోఫీ, ఆసియా కప్పు గెలిపించాడు. కానీ టెస్టులలో, 2024లో సొంతగడ్డ మీద న్యూజిలాండు చేతిలో 3-0 ఓటమి. పన్నెండేళ్ళుగా స్వదేశంలో సిరీస్ ఓడని జట్టు అది. మళ్ళీ 2025 నవంబరులో దక్షిణాఫ్రికా చేతిలో 2-0. గువాహతిలో ఓటమి 408 పరుగుల తేడాతో. ప్రేక్షకులు అతనికి వ్యతిరేకంగా నినాదాలు చేశారు. నినాదాలు నాకు రుచించవు. అయితే బంతి గిర్రున తిరిగే పిచ్‌ల మీద న్యూజిలాండు స్పిన్నర్లకు చిత్తయిన ఏడాదికే, కలకత్తాలో అటువంటి పిచ్ మీదనే 124 ఛేదించలేక 93కి కూలడం చూస్తే నా మొదటి ప్రశ్నకు జవాబు బాగులేదు. టెస్టులకు వేరే గురువు ఉండవలెనా అని అడగడం ద్రోహం కాదు, అడగదగిన ప్రశ్నయే. ఆ తర్వాత పది రోజులకు, డిసెంబరు 6న, మన విశాఖలోనే అదే దక్షిణాఫ్రికాను వన్డేలో తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించాము. జైస్వాల్ శతకం చేశాడు. గువాహతి నాడు గంభీర్‌ను పంపేయమన్న మా పోర్టాయన మర్నాడు బెంచీ మీద అతణ్ణి ఆకాశానికెత్తారు. వన్డే గెలుపు టెస్టు ప్రశ్నకు జవాబు ఎట్లా అవుతుందని అడిగితే, "పండగ పూట అలాటి మాటలెందుకు మాస్టారూ" అన్నారు.

అయితే ఆయనే ఇంకొక రోజు ఒక చక్కటి మాట చెప్పారు. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువలోంచి ఓడను రేవులోకి తెచ్చేది పోర్టు పైలట్టే. కానీ ఓడకు బాధ్యుడు ఎప్పటికీ దాని కెప్టెనే. పైలట్టు ఎక్కినంతమాత్రాన కెప్టెను బాధ్యత దిగిపోదట. కోచ్‌కూ జట్టుకూ ఉన్న సంబంధం ఇంతకంటె బాగా నేను చెప్పలేను. ఓడ ఒరిసిన ప్రతిసారీ పైలట్టునే తిట్టడం, అత్త మీది కోపం దుత్త మీద చూపడమే.

ఇది మన దేశపు జాడ్యమే కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టుకు 1980లో మైక్ షషెవ్‌స్కీ అనే యువ కోచ్ వచ్చాడు. రెండో ఏడు 10 గెలుపులు, 17 ఓటములు. మూడో ఏడు 11, 17. 1983లో ఒక ఆటలో 109-66 తేడాతో చిత్తుగా ఓడారు. పంపేయమని అభిమానులూ దాతలూ పట్టుపట్టారు. క్రీడావిభాగపు అధికారి టామ్ బటర్స్ పంపలేదు సరికదా, 1984లో ఒప్పందాన్ని పొడిగించాడు. ఆ కోచ్ 2022లో విరమించేనాటికి అయిదు జాతీయ టైటిళ్ళు గెలిపించి ఉన్నాడు. ఓర్చుకున్న ప్రతి గురువూ ఇట్లా తేలతాడని నేననను. ఓర్వకపోతే ఎవరూ తేలరని మాత్రమే అంటాను.

ఇక నా అప్పు.

1990 దశకంలో నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. లెక్కల మాస్టారు ఒకాయన కొత్తగా వచ్చారు. నెమ్మదస్తుడు. ప్రశ్నపత్రం తయారుచేస్తే, తెలుగులో తప్పులు దిద్దమని ముందు నా దగ్గరకు తెచ్చేవారు. వరుసగా రెండేళ్ళు పదో తరగతిలో లెక్కల ఫలితాలు పడిపోయాయి. ఊరి పెద్దలు ఆయనను బదిలీ చేయించాలని నిశ్చయించుకున్నారు. అర్జీ రాయడానికి భాష వచ్చినవాడు కావలసి వచ్చాడు. నేను రాశాను. రాశానే గానీ సంతకం చేయలేదు. ప్రభుత్వోద్యోగిని గదా!

ఆ అర్జీలో నేను రాయని సంగతి ఒకటున్నది. ఆయన రాకముందు ఏడాదికి పైగా ఆ బడిలో లెక్కల పోస్టు ఖాళీ. ఆ రెండేళ్ళూ పరీక్ష తప్పిన పిల్లలు కింది తరగతిలో లెక్కల పాఠమే వినని పిల్లలు. నాకు తెలుసు. రాస్తే అర్జీ బలహీనపడుతుందని రాయలేదు.

ఏడాది మధ్యలో ఆయనను బదిలీ చేశారు. వెళ్ళేముందు స్టాఫ్ రూములో అందరికీ నమస్కరించి, నా దగ్గర ఒక్క క్షణం ఆగారు. "అర్జీ చూపించారండీ. తెలుగు చాలా బాగుంది మాస్టారూ" అన్నారు. అంతే. మరేమీ అనలేదు.

ఆ మార్చిలో లెక్కల ఫలితాలు బాగా వచ్చాయి. కొత్తగా వచ్చి అయిదు నెలలు కూడా కాని మాస్టారికి ఊళ్ళో శాలువా కప్పారు. ఆ పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచీ లెక్కలు చెప్పినది ఎవరో ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తున్నది. సభలో వందన సమర్పణ నాదే. అప్పుడు కూడా చెప్పలేదు.

స్థూణానిఖనన న్యాయమని మరొకటున్నది. పాతిన గుంజను కదిపి కదిపి చూసేది పెరికివేయడానికి కాదు, గట్టిగా దిగిందని నిశ్చయపరచుకోవడానికి. గురువును విమర్శించడం అట్లా ఉండవలెను. అడగండి, నిలదీయండి. ఆరో బౌలరు ఏడీ అని అడిగినవారు జట్టుకు మేలే చేశారు. కానీ పంపేయమని రాసేముందు, ఆ కాగితంలో మనం రాయకుండా వదిలేసినది ఏమిటో ఒకసారి చూసుకోండి. నేను చూసుకున్నాను. చూసుకుని కూడా వదిలేశాను.