టైరుకీ పుట్టినరోజు ఉంటుంది

మా నాన్న బండి మీంచి పడిన సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. అది కూడా అమ్మ వీడియో కాల్‌లో నోరు జారితేనే. 'మోకాలికి కట్టు మార్చుకోమంటే వినట్లేదురా' అంది. ఏం కట్టు? ఎందుకు కట్టు? ఫోన్ అటు నుంచి ఇటు మారింది. 'ఏం లేదురా, వాగు దగ్గర కొంచెం జారింది, అంతే' అన్నాడు నాన్న.

మాది గంపలగూడెం. తోటకి వెళ్లాలంటే కట్టలేరు వాగు దాటాలి. వానాకాలంలో నీళ్లు తీసేశాక కూడా ఆ రోడ్డు మీద పల్చగా బురద పేరుకుని ఉంటుంది. నాన్న దాని మీద వందలసార్లు వెళ్లినవాడే. ఈసారి మాత్రం బ్రేక్ మీద కాలు పెట్టీ పెట్టకముందే ముందు చక్రం పక్కకి పోయిందట. వెనకాల అమ్మ లేదు కాబట్టి సరిపోయింది. ఆ 'కాబట్టి' నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. శుక్రవారం లాగవుట్ కొట్టి హైదరాబాద్‌లో బస్సెక్కేశాను.

బండి 2006 నాటి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. ఏపీ 16 నంబరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇంటికొచ్చింది. నన్ను స్కూలుకీ, తర్వాత ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కీ తీసుకెళ్లింది ఇదే. హీరో, హోండా విడిపోయి పదేళ్లు దాటినా మా ఊళ్లో దీని పేరు ఇప్పటికీ 'హీరోండా'నే. పదిహేనేళ్లు నిండాక 2021లో ఆర్సీ రెన్యూవల్ చేయించాం. ఇంకో ఐదేళ్ల ఆయుష్షు వచ్చింది.

శనివారం పొద్దున్నే టైర్లు చూశాను. వెనకది బోడి టైరు, అందులో వాదన లేదు. ముందుదానికి మాత్రం గీతలు శుభ్రంగా ఉన్నాయి.

'చూశావా? ముందుది కొత్తదాన్లా ఉంది. వెనకదొక్కటి మారిస్తే చాలు' అన్నాడు నాన్న.

'జారింది ముందు చక్రమే కదా నాన్నా?'

'బురదకి జారిందిరా. బురద ఉంటే ఏదైనా జారుద్ది.'

నేను ఫోన్‌లో టార్చ్ వేసి టైరు పక్క గోడ మీద నంబరు వెతికాను. ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు: 1114. అంటే 2014లో పదకొండో వారం తయారైంది. నేను ఇంటర్ పరీక్షలు రాస్తున్నప్పుడు ఆ టైరు ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చింది. గోరుతో నొక్కితే కొంచెం కూడా దిగలేదు. గీతల మధ్య వెంట్రుకంత పగుళ్లు. అది అరగలేదు నిజమే. ముసలిదైపోయింది.

ఇది చాలామందికి తెలియదు. నాకూ ఆ రోజు వరకూ తెలియదు. రబ్బరు పని చేసేది మెత్తగా ఉండటం వల్ల. రోడ్డు మీద ఉండే సన్నటి ఎత్తుపల్లాల్లోకి అది కొంచెం సర్దుకుని పట్టుకుంటుంది. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి ఏళ్ల తరబడి దాన్ని గట్టిపరుస్తాయి. బండి తిరిగినా, షెడ్డులో ఉన్నా ఇది ఆగదు. అందుకే చాలా టైరు కంపెనీలు ఐదేళ్లు దాటాక ఏటా ఒకసారి చూపించుకోమని, పదేళ్లు దాటితే గీతలు ఎంత ఉన్నా తీసెయ్యమని చెబుతాయి. మన ఎండలకి నేనైతే పదేళ్ల దాకా ఆగను.

ఇంకో లెక్క చెబుతాను. బండి బరువు సుమారు 110 కిలోలు. నడిపేవాళ్లు 70, వెనక కూర్చున్నవాళ్లు 60 అనుకుందాం. మొత్తం 240. అందులో వెనక టైరు మీద 150, ముందు టైరు మీద 90 పడతాయనుకుంటే, గాలి ఒత్తిడితో భాగిస్తే నేలను తాకే చోటు రెండు టైర్లకీ కలిపి ఉజ్జాయింపుగా 110 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే మీరిప్పుడు ఇది చదువుతున్న ఫోన్ స్క్రీన్ అంత. ఇద్దరు మనుషులు, ఒక బండి, అరవై స్పీడు... అంతా ఆ స్క్రీన్ అంత రబ్బరు మీదే ఆధారపడి ఉంటుంది. పైగా 2019 ఏప్రిల్ నుంచి కొత్త చిన్న బండ్లకి ఒక బ్రేక్ నొక్కితే రెండు చక్రాలకీ పడే ఏర్పాటు తప్పనిసరి అయింది. పాత బండికి అదీ లేదు. ఉన్నది రెండు డ్రమ్ బ్రేకులు, రెండు టైర్లు, మన జాగ్రత్త.

ఇక ఏ టైరు వెయ్యాలి? ఇక్కడ నా ఇంజినీరింగ్ బుర్ర కాసేపు తప్పుదారి పట్టింది. బస్సులో కూర్చుని రాత్రంతా రివ్యూలు చూశాను. వెనక 3.00 సైజు లావు టైరు వేస్తే గ్రిప్ బాగుంటుంది, చూడ్డానికీ బాగుంటుంది, కుదిరితే ట్యూబ్‌లెస్ వేసేద్దాం అని ఒక ఎక్సెల్ షీట్ కూడా తయారు చేసుకున్నాను. మా ఊరి మెకానిక్ బాబాయ్ ఆ షీట్ వంక చూడను కూడా చూడలేదు.

'చువ్వల రిమ్ముకి ట్యూబ్‌లెస్ ఏందిరా? ప్రతి చువ్వ మొదట్లో ఒక చిల్లు ఉంటది. గాలి ఎక్కడ ఆగుద్ది?' అన్నాడు.

నిజమే. చువ్వల చక్రానికి గాలిని ఆపేది ట్యూబే. లావు టైరు సంగతి అడిగితే, చెయిన్ కవర్‌కి రాసుకోవచ్చు, బరువు పెరుగుద్ది, మైలేజీ తగ్గుద్ది అన్నాడు. ముందు టైరు లావు చేస్తే ఇంకో తిరకాసు ఉంది. మా బండికి స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. 2.75 బదులు 3.00 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు రెండు శాతం పెరుగుతుంది. అంటే మీటరు 60 చూపిస్తుంటే మనం 61 మీద వెళ్తుంటాం. పెద్ద తేడా కాదు కానీ, ఎందుకొచ్చిన గొడవ? బండిని డిజైన్ చేసినవాళ్లు ఆ రిమ్ముకి, ఆ బరువుకి లెక్క చూసుకునే ఒక సైజు పెట్టారు. పాత కోడ్ నడుస్తున్నప్పుడు దాన్ని అర్థం చేసుకోకుండా చెయ్యి పెట్టకూడదని ఆఫీసులో నేనే జూనియర్లకి చెబుతుంటాను.

కాబట్టి సైజు మార్చలేదు: ముందూ వెనకా 2.75-18. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. మీ బండిది వేరే ఉండొచ్చు. పాత బుల్లెట్‌కి 3.25-19 ఉంటుంది. ఎవరినీ అడగక్కర్లేదు, మాన్యువల్‌లోనో, కంపెనీ వేసిన టైరు మీదో ఉంటుంది.

ముందూ వెనకా సైజు ఒకటే కదా, రెండూ ఒకే రకం కొనేస్తే పోలా అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. సైజు పక్కన ఇంకో కోడ్ ఉంటుంది. మా బండికి ముందు 42P, వెనక 48P. 42 అంటే ఆ టైరు 150 కిలోల వరకు మోస్తుంది. 48 అంటే 180. P అంటే గంటకి 150 కిలోమీటర్ల వరకు పరవాలేదని. స్ప్లెండర్‌కి ఆ వేగం ఎలాగూ రాదు, దాన్ని వదిలెయ్యండి. బరువు మాత్రం వదలకండి. ఇద్దరు ఎక్కితేనే వెనక టైరు మీద 150 దాకా పడుతుంది. మా నాన్న ఒక్కోసారి అమ్మని ఎక్కించుకుని, మధ్యలో 45 కిలోల యూరియా బస్తా పెట్టుకుని వస్తాడు. అప్పుడు 48 కూడా దాదాపు అంచుకి వచ్చేస్తుంది. అక్కడ 42 వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు టైరుకి పొడవుగా సాగే గీతలు, వెనక దానికి గళ్లు గళ్లుగా ఉండే బటన్లు ఉండటం కూడా ఊరికే కాదు. ముందుది దారి పట్టాలి, వెనకది తొయ్యాలి.

ఆదివారం నాన్నా నేనూ తిరువూరు వెళ్లాం. స్ప్లెండర్ సైజు కాబట్టి ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్ అన్నీ దొరుకుతాయి. ఎమ్మారెఫ్‌కి మన సదాశివపేటలోనే ఫ్యాక్టరీ ఉంది. ఏ కంపెనీ అని నన్ను అడక్కండి. పేరున్న కంపెనీ, ఐఎస్ఐ గుర్తు, సరైన కోడ్, కొత్త తేదీ. ఈ నాలుగూ ఉంటే చాలు. షాపతను మొదట తీసిన ముందు టైరు మీద తేదీ చూస్తే మూడేళ్ల కిందటిది. 'అన్నా, ఈ ఏడాదిది ఉందా?' అని అడిగాను. అతనేమీ అనుకోలేదు, లోపలికెళ్లి ఇంకోటి తెచ్చాడు. అడిగితే వచ్చింది, అడక్కపోతే పాతదే బిగించుకుని వచ్చేవాళ్లం. పాలప్యాకెట్ మీద తేదీ చూసే మనం టైరు మీద ఎందుకు చూడం?

ట్యూబులూ, రిమ్ టేపూ కూడా కొత్తవే వేయించాను. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది. కొత్త టైరులో ముడత పడితే ఆ ముడత దగ్గరే చిరుగుతుంది. టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో చూసుకున్నాం. చక్రం ఊడదీశారు కాబట్టి బ్రేక్ లైనర్లు కూడా చూపించాం. అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయింది.

బిల్లు చూసి నాన్న మాట్లాడలేదు. టీ తాగుతుంటే అన్నాడు. 'వెనకది రీబటన్ చేయిద్దామనుకున్నా. బండి అమ్మితే ఎంతొస్తుందిరా? దానికి ఇంత పెట్టడం ఎందుకని...'

అప్పుడు అర్థమైంది. ఆయన టైరు ఖర్చుని బండి ధరతో పోల్చి చూస్తున్నాడు. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో జరిగే లెక్క ఇదే. పదిహేను వేల బండికి నాలుగు వేల టైర్లా అని. కానీ టైరు మోసేది బండి ధరని కాదు కదా. ఆ మాటే చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు. 'అమ్మ కూర్చుంటది కదా నాన్నా' అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, 'సర్లే పద' అన్నాడు.

1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు గాలి టైరు తయారు చేసింది తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికట. ఆ టైరు కథ మొదలైందే ఇంట్లోవాళ్ల కోసం.

తిరిగొచ్చేటప్పుడు నేనే నడిపాను, మెల్లగా. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు గట్టిగా బ్రేక్ వెయ్యకూడదు, వంపుల్లో బండి బాగా వాల్చకూడదు. వాగు దగ్గర నాన్న భుజం మీద చెయ్యేసి, 'ఇక్కడే' అని చూపించాడు. నేను తల తిప్పలేదు, రోడ్డే చూస్తున్నాను.

ఈ శనివారం ఊరెళ్తే మీరూ ఒక పని చెయ్యండి. నాన్నదో, బాబాయ్‌దో, తాతయ్యదో పాత బండి ఉంటుంది కదా. ఫోన్‌లో టార్చ్ వేసి రెండు టైర్ల మీదా ఆ నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. పక్క గోడ మీద టీడబ్ల్యూఐ అని రాసి ఉన్నచోట, దానికి సూటిగా గీతల లోపల చిన్న గడ్డ ఉంటుంది. అరిగి ఆ గడ్డకి సమమైతే టైరు అయిపోయినట్టే. గోరుతో నొక్కి చూడండి. పగుళ్లు చూడండి. ఐదు నిమిషాల పని.

ఇంట్లోవాళ్లు మాత్రం 'ఏం కాదులేరా' అంటారు. మా నాన్న కూడా అదే అన్నాడు, మోకాలికి కట్టుతో.