ఫ్యాను కొనేముందు కొక్కెం చూద్దాం

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, ఓపిక చేసుకుని చదవండి.

పోయిన ఆడి తళ్ళుబడిలో మా అవ్వ గదికి లైటున్న ఫ్యాను కొన్నాము. అంగట్లో వెలుగుతూ తిరుగుతుంటే చాలా బాగుంది. రంగు చూశాము, రెక్కల డిజైను చూశాము, రిమోటు నొక్కి చూశాము. ఇంట్లో దాన్ని దేనికి తగిలిస్తామన్నది మాత్రం చూడలేదు.

మాది కోయంబత్తూరులో తాతల కాలం నాటి మిద్దె ఇల్లు, టేకు దూలాలు. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడు నిచ్చెనెక్కి పాత ఫ్యాను దించాడు. కిందికి దిగి, "అన్నా, మీరే ఎక్కి చూడండి" అన్నాడు. నలభై ఏళ్ళు ఊగి ఊగి, ఫ్యాను ఆనిన చోట ఇనుప కొక్కెం సగానికి అరిగిపోయింది. సరిగ్గా దాని కిందే అవ్వ మంచం. కొత్త ఫ్యాను పాతదానికంటే బరువు. అతను చూడకుండా తగిలించి డబ్బులు తీసుకుని పోయుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మనం మోటార్ల ఊరివాళ్ళం. 1937లో దేశంలోనే తొలి స్వదేశీ విద్యుత్ మోటారు ఇక్కడే తయారైంది. దాని వెనక ఉన్నది మన జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు. వీధికొక వైండింగ్ షాపు ఉన్న ఊళ్ళో పెరిగి, ఫ్యానును మాత్రం చీర కొన్నట్టు అందం చూసి కొంటున్నాము. మేము చేసిందీ అదే.

లైటున్న ఫ్యాను చెడ్డదని మేము అనడం లేదు. అదేమీ కొత్త వింత కూడా కాదు. 1882లో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఆయన కుట్టుమిషను మోటారును కప్పుకు తగిలించి ఫ్యాను చేశాడు, తర్వాత దానికే దీపమూ పెట్టాడు. గది నడుమ ఒకే పాయింటు ఉన్న ఇళ్ళకు ఇది మంచి ఉపాయం. బీఎల్‌డీసీ రకమైతే కరెంటూ కలిసొస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, రోజుకు 16 గంటలు తిరిగితే రెండు నెలలకు 72 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీకి 29 యూనిట్లు చాలు. రెండు నెలలకు కొన్ని యూనిట్లు ఉచితంగా వచ్చే మన తమిళనాట ఆ 43 యూనిట్ల తేడా చిన్నది కాదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. అది చూసి కొంటే చాలు.

మా అభ్యంతరమల్లా వేరే. పాత ఇళ్ళలో గోడ స్విచ్చి నుంచి ఫ్యానుకు ఒకే లైను వెళ్తుంది. లైటుకు వేరే స్విచ్చి కావాలంటే ఇంకో వైరు లాగాలి. గోడ కొట్టాలని బద్ధకించి అంతా రిమోటుకు వదిలేస్తాము. మేమూ వదిలేశాము. పాత ట్యూబులైటు కూడా పీకేశాము. ఒక రాత్రి రిమోటు మంచం కిందికి జారిపోయింది. అవ్వ చీకట్లో తడుముకుంటూ గంటసేపు అట్లే కూర్చుంది, మమ్మల్ని లేపడం ఇష్టంలేక. పొద్దున చెప్పింది: "నాయనా, ఆ పాత లైటే బాగుండె. గోడ తడిమితే చేతికి అందుతుండె." మరునాడే వాకిలి పక్కన మామూలు బల్బు, మామూలు స్విచ్చి పెట్టించాము.

అందుకే చెప్తున్నాము. మొదట కొక్కెం, దూలం చూపించండి. రెక్కలు నేలకు ఏడడుగులకంటే కిందికి రాకూడదు, ఎనిమిదుంటే ఇంకా మంచిది. పిన్ను వంచి ఉందా, సేఫ్టీ తాడు ఉందా దగ్గరుండి చూడండి. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటరు తీసేయించండి. పెద్దవాళ్ళ గదిలో గోడ లైటు మాత్రం తీయకండి.

మదురైలో, కోయంబత్తూరులో మన పాత ఇళ్ళలో ఇప్పుడు ఎక్కువగా మిగిలింది పెద్దవాళ్ళే. పిల్లలు బెంగళూరు నుంచో అమెరికా నుంచో ఆన్‌లైన్‌లో ఫ్యాను పంపిస్తారు. ప్రేమతోనే పంపిస్తారు, కాదనలేము. కానీ కొక్కెం చూసేవాళ్ళెవరు? నిచ్చెనెక్కే వయసా వాళ్ళది?

సంఘానికి మా మనవి ఒక్కటే. ఎండాకాలంలో ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. ఆలోగా, ఉగాదికి ముందే, ఒంటరిగా ఉన్న మన పెద్దల ఇళ్ళకు ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్ళి కొక్కేలు చూపిద్దాం. ఇంటికి పది నిమిషాల పని. మా వీధి వరకు ఆ ఖర్చు మేము పెట్టుకుంటాము. మిగతా వీధులకు ఎవరు ముందుకొస్తారో కింద చెప్పండి.