ఎవరికి భక్తి ఎక్కువ?

చదువుకున్నోళ్ళకి భక్తి తక్కువ, పేదవాళ్ళకి ఎక్కువ. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ. వయసు పైబడేకొద్దీ పెరుగుతుంది. ఇలాంటి మాటలు ఇళ్ళల్లో, ఆఫీసు కేంటీన్లలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వినడానికి నిజమే అనిపిస్తాయి కూడా. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే అనుమానం... అసలు మనం భక్తిని దేనితో కొలుస్తున్నాం?

ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు 2019 చివర్నుంచి 2020 మార్చి దాకా మన దేశంలో దాదాపు 30,000 మందిని అడిగి, 2021లో ఒక రిపోర్టు ఇచ్చారు. దేవుణ్ణి నమ్ముతామన్నవాళ్ళు 97 శాతం. అంటే నమ్మకం దగ్గర పెద్ద తేడాల్లేవు. తేడాలన్నీ ఆ తర్వాతి ప్రశ్నల్లోనే. మతం మా జీవితంలో చాలా ముఖ్యం అన్నవాళ్ళు మధ్య భారతంలో 92 శాతం, మన దక్షిణాదిలో 69. రోజూ ప్రార్థన చేస్తామన్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 60 శాతం ఉంటే, దక్షిణాదిలో 37.

ఈ అంకె చూసి "మనం చదువుకున్నాం, అందుకే" అని కాలరెగరేసేవాళ్ళున్నారు. "మనవాళ్ళు చెడిపోయారు" అని బాధపడేవాళ్ళూ ఉన్నారు. నేను రెంటికీ ఒప్పుకోను. తిరుమల కొండ మీద రోజూ అరవై డెబ్భై వేల మంది క్యూలో నిలబడేది కూడా ఈ దక్షిణాదిలోనే కదా!

అసలు తిరకాసు "రోజూ" అన్న మాటలో ఉంది. రోజూ పూజ ఎవరికి కుదురుతుంది? ఇంట్లో దేవుడికంటూ ఒక మూల, పొద్దున్నే స్నానం చేసి కూర్చోడానికి ఓ అరగంట తీరిక ఉన్నవాళ్ళకి. తెల్లారకముందే నాట్లకి పోయే మనిషికి కుదరదు. ఆ మనిషి లెక్క వేరే. మేడారం జాతరే తీసుకోండి. రెండేళ్ళకోసారి, మాఘమాసంలో నాలుగు రోజులు. పూజారులు కోయవాళ్ళు. విగ్రహం లేదు, సమ్మక్కని చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో గద్దె మీదికి తెస్తారు. జనం తమ ఎత్తు బెల్లం తూచి, దాన్నే బంగారం అని పిలిచి మొక్కు చెల్లిస్తారు. బెల్లానికి డబ్బు కూడబెట్టుకుని, పిల్లాజెల్లాతో వెళ్ళి, చెట్ల కింద వండుకుతిని, జంపన్నవాగులో మునిగి వచ్చిన మనిషిని "రోజూ ప్రార్థన చేస్తావా?" అని అడిగితే లేదనే అంటాడు. సర్వేలో ఆయన భక్తి తక్కువవాడు. ఏసీ గదిలో ఫోన్లో సుప్రభాతం పెట్టుకుని దణ్ణం పెట్టే నాలాంటివాడు ఎక్కువవాడు!

దక్షిణాది అంకె మొత్తానికి ఇదే కారణం అనను. కానీ క్వెరీ తప్పు రాస్తే వచ్చే రిజల్టు ఎలా ఉంటుందో మా ఫీల్డులో అందరికీ తెలుసు.

ఆడా మగా సంగతి కూడా ఇంతే. ఇదే సంస్థ 2016లో 192 దేశాల లెక్కలు తీస్తే, ఏదో ఒక మతం తమదని చెప్పుకునేవాళ్ళు ఆడవాళ్ళలో 83.4 శాతం, మగవాళ్ళలో 79.9 శాతం తేలారు. ఆడవాళ్ళకి పుట్టుకతోనే భక్తి ఎక్కువ అనేద్దామా? ఆగండి. అదే రిపోర్టులో, చర్చికి వెళ్ళేవాళ్ళలో ఆడవాళ్ళు ముందుంటే, మసీదుకి వెళ్ళేవాళ్ళలో మగవాళ్ళు ముందున్నారు. శుక్రవారం నమాజుకి మసీదుకి రావడం మగవాళ్ళకే తప్పనిసరి మరి. అంటే అక్కడ కొలిచింది మనసుని కాదు, ఆచారాన్ని.

మన అయ్యప్ప దీక్షలు చూడండి. 41 రోజులు, నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం... దీక్ష స్వామిది. కానీ నాలుగింటికి లేచి వాకిలి కడిగి, మడిగా వండి పెట్టేది ఎవరు? నెలసరి రోజులొస్తే పుట్టింటికో పక్కింటికో వెళ్ళేది ఎవరు? ఇరుముడి ఆయన నెత్తిన ఉంటుంది, దీక్ష సగం ఆవిడ నడుం మీద నడుస్తుంది. ఏ సర్వేలోనైనా ఆవిడ ఖాతాలో ఏమన్నా పడుతుందా?

ఇక్కడిదాకా సరదా కబుర్లే అనుకోవచ్చు. కానీ కొన్ని అంకెల వెనక బతుకులున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. ఆ నలభై ఏళ్ళలో మన పల్లెల్లో చర్చిలు తగ్గాయా? ఆదివారం పొద్దున ఏ ఎస్సీ కాలనీకైనా వెళ్ళి చూసినవాళ్ళెవరూ అలా అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులని చేర్చలేదు. మతం మారినట్టు కాగితం మీద రాస్తే మన దగ్గర బీసీ-సీ కిందకి వస్తారు, దాని వాటా 1 శాతం. అందుకే కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకోటి. తగ్గుదలంతా దీనివల్లే అని కాదు గానీ, నమ్మకం పోయి తగ్గిందంటే మాత్రం నేను నమ్మను.

దీన్ని మోసం అనేవాళ్ళు ఒక్కటి ఆలోచించాలి. అగ్రకులం వాడు ఏ మతంలోకి వెళ్ళినా పోగొట్టుకునే రిజర్వేషన్ లేదు. మాల మాదిగ పిల్లాడు నిజం రాస్తే సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది. పోనీ మతం మారాక ఊళ్ళో వాడ మారిందా అంటే అదీ లేదు. నిజం చెప్పడానికి ఒకడికి ఖర్చు సున్నా, ఇంకొకడికి జీవితం. అలాంటప్పుడు ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగి, జవాబుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయమేనా?

నా మటుకు నాకు, మనుషుల మధ్య భక్తిలో కనిపించే తేడాల్లో చాలాభాగం తీరికలో తేడా, ఆచారాల్లో తేడా, నిజం చెప్పడానికయ్యే ఖర్చులో తేడా. ఈ మూడూ తీసేస్తే ఎంత మిగులుతుందో ఎవరూ కొలవలేదు. 2027 జనగణనలో కులం కూడా రాసుకుంటామని కేంద్రం 2025లో ప్రకటించింది. మంచిదే. కానీ పక్కనే ఉన్న మతం గడిలో మాత్రం ఎన్ని లక్షలమంది తమకేది క్షేమమో అదే రాయిస్తారు. ఆ గడిని చూసి ఎవరు ఎంత భక్తులో, ఏ మతం పెరిగిందో తరిగిందో టీవీల్లో కొట్టుకునే ముందు, ఆ జవాబు చెప్పినవాడి మెడ మీద ఏం వేలాడుతోందో కూడా చూడాలి.